ఒక పుస్తకం, 120 రోజులు: శాఖా గ్రంథాలయంలో రిజర్వేషన్ వరస మీద ఒక కేస్ స్టడీ

"మేడమ్, నా ముందు ఇంకా ఎంతమంది ఉన్నారండీ?" అని ఆ అమ్మాయి అడిగిన రోజు నా దగ్గర సమాధానం లేదు.

గ్రూప్ 2కి చదువుకుంటోంది. పొద్దున్న ఎనిమిదికి నేను తాళం తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఆంధ్రుల చరిత్ర మీద పాత పుస్తకం ఒకటి కావాలని అడిగింది. బజారులో దొరకడం లేదు, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంది. పేరు రాయించుకుని రెండు నెలలైంది. రోజూ వచ్చి, ఒకసారి నా బల్ల వైపు చూసి, ఏమీ అడగకుండా వెళ్లి తన కుర్చీలో కూర్చునేది. పేరు రాసుకున్నది నేను, రిజిస్టరు ఉన్నది నా సొరుగులో. అయినా ఆమె వరసలో ఎక్కడుందో చెప్పలేకపోయాను. ఆ రోజు సాయంత్రం గ్రంథాలయం మూసాక కూడా కూర్చుని, ఆ ఒక్క పుస్తకం ఎక్కడెక్కడ తిరిగిందో మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను. ఈ కేసు అదే.

నేను గోదావరి జిల్లాల్లో ఒక మండల కేంద్రంలో శాఖా గ్రంథపాలకురాలిని. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. మాలాంటి శాఖలన్నీ జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉంటాయి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంతో ఏర్పడిన సంస్థలివి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సే వీటికి ఆధారం. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది. కేంద్ర గ్రంథాలయం బీరువాలో ఉన్న పుస్తకం మా ఊళ్లో ఇంటి పన్ను కట్టేవాళ్ల డబ్బుతో కూడా కొన్నదే. దాన్ని అడిగే పాఠకురాలు మన దయ అడగడం లేదు, తన పుస్తకం ఎప్పుడొస్తుందని అడుగుతోంది. ఈ మాట నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెలుసు. కానీ పనిలో పెట్టింది మాత్రం ఈ కేసు తర్వాతే.

ట్రేలో కనపడని వరస

మా శాఖలో ఇప్పటికీ బ్రౌన్ పద్ధతే. సభ్యుడికి ధరావతు కట్టించుకుని టికెట్లు ఇస్తాం. ప్రతి పుస్తకంలో ఒక కార్డు ఉంటుంది, దాని మీద యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం ఒక్కో ప్రతికి విడిగా వేసుకునే సంఖ్య), పుస్తకం పేరు. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ కార్డు తీసి పాఠకుడి టికెట్ జేబులో దూర్చి, గడువు తేదీ ప్రకారం ట్రేలో నిలబెడతాం. పుస్తకం చివర అంటించిన తేదీ చీటీ మీద గడువు ముద్ర వేస్తాం. పుస్తకం తిరిగొస్తే కార్డు పుస్తకంలోకి, టికెట్ పాఠకుడి చేతికి. చిన్న గ్రంథాలయానికి ఇంత తేలికైన పద్ధతి ఇంకొకటి లేదు. ఫలానా తేదీకి ఎవరెవరు పుస్తకాలు తేవాలో ట్రే చూడగానే తెలుస్తుంది.

ఫలానా పుస్తకం ఎవరి దగ్గరుందంటే మాత్రం చప్పున చెప్పలేం. ట్రే తేదీల వారీగా ఉంటుంది కాబట్టి పదిహేను రోజుల కార్డులూ ఒక్కొక్కటే తిరగెయ్యాలి. రిజర్వేషన్‌కు ఉన్న ఏర్పాటు ఒక్కటే: ఆ కార్డును వెతికి పట్టుకుని దానికి ఒక చీటీ జత చేయడం. పుస్తకం తిరిగొచ్చి కార్డు తీసినప్పుడు చీటీ కూడా చేతికొస్తుంది, ఇంకొకరు దీనికోసం చూస్తున్నారని అప్పుడు తెలుస్తుంది. చీటీ జారిపోయినా, రద్దీలో పెట్టడం మరిచిపోయినా ఆ వరస అక్కడితో తెగిపోయినట్టే.

ఇక నా రిజర్వేషన్ రిజిస్టరు. అడిగినవాళ్ల పేర్లు తేదీ వరసలో రాస్తూ పోయాను. ఒక పేజీలో పది పేర్లుంటే పదీ పది పుస్తకాలకు. ఒక పుస్తకానికి ఎంతమంది ఉన్నారో తెలియాలంటే రిజిస్టరు మొత్తం తిప్పాలి. పుస్తకం వేరే శాఖకు కూడా వెళ్తుంది, అక్కడి వాళ్ల రిజిస్టరు వేరు. కేంద్ర గ్రంథాలయం నుంచి ఉత్తరం వస్తే పంపడమే తప్ప, రెండు శాఖల పేర్లనూ కలిపి ఒక వరసగా ఎవరూ చూడలేదు. ఆ అమ్మాయి అడిగినప్పుడు నేను నోరు తెరవలేకపోయింది ఇందుకే.

ముద్రల మధ్య ఖాళీలు

తేదీ చీటీ మీద ఊదా రంగు ముద్రలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఒక్కో గడువు తేదీ నుంచి పదిహేను రోజులు వెనక్కి లెక్కేస్తే పుస్తకం ఇచ్చిన రోజు తెలుస్తుంది. తిరిగొచ్చిన రోజు మాత్రం బ్రౌన్ పద్ధతిలో ఎక్కడా మిగలదు. ఒకరిది ఆలస్య రుసుము రసీదు పుస్తకంలో దొరికింది. మిగతావాళ్లను అడిగాను. పంపిన రోజులు, వచ్చిన రోజులు తపాలా రిజిస్టరులో ఉన్నాయి. పక్క శాఖ సంగతి అక్కడి సహోద్యోగి ఫోన్లో చెప్పారు. కేంద్రానికి నేను ఉత్తరం రాసిన నాటి నుంచి ఆ అమ్మాయి అడిగిన నాటికి సరిగ్గా 120 రోజులు. అవి ఇలా గడిచాయి.

ఉత్తరం చేరి, పుస్తకం తీసి, ఎవరో ఇటు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేసరికి 9 రోజులు. వచ్చాక మొదటి పాఠకుడికి కార్డు ముక్క రాశాను. ఆయన వచ్చేసరికి 7 రోజులు. ఆయన దగ్గర 15. రెండో ఆమె కోసం అరలో 6, ఆమె దగ్గర 15. ఆమె పుస్తకం తెచ్చిచ్చింది సంత రోజు సాయంత్రం. రికార్డు అసిస్టెంటు సెలవులో ఉన్నాడు, బల్ల ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. కార్డులో చీటీ లేదు. ఉండాల్సింది, నేను పెట్టలేదు. పుస్తకం మిగతా వాటితో పాటు బీరువాలోకి వెళ్లిపోయింది. అక్కడ 11 రోజులుంది. తర్వాత వరసలో లేని ఒకాయన, బీరువాలో కనిపించిందని అడిగి తీసుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. గడువు దాటి 9 రోజులకు తెచ్చారు కనక ఆయన దగ్గర 24. అక్కడి నుంచి పక్క శాఖకు చేరడానికి 8, అక్కడ పాఠకుడు వచ్చేదాకా 10, ఆయన దగ్గర 15.

కూడితే పుస్తకం పాఠకుల చేతుల్లో ఉన్నది 69 రోజులు. మిగిలిన 51 రోజుల్లో దారిలో పోయినవి 17, మా బీరువాలో మరుగున పడ్డవి 11, "వస్తారులే" అని అరలో ఆపినవి 23. అడిగిన వాళ్లందరికీ పుస్తకాలు సరిపోవడం లేదని, దూరం ఎక్కువని ఏళ్ల తరబడి సమావేశాల్లో నేనూ చెబుతూ వచ్చాను. ఉన్న ఒక్క ప్రతీ దారిలో కంటే మా శాఖల అరల్లోనే రెండు రెట్లు ఆగిపోయిందని ఆ కాగితం చూశాకే తెలిసింది.

ఇంకొకటి కూడా కనపడింది, అది రాయడం కష్టంగానే ఉంది. ఆ అమ్మాయి పేరు రాయించుకున్నది 58వ రోజున. ఆ రోజు పుస్తకం మా బీరువాలోనే ఉంది. ఆంధ్రుల చరిత్ర పుస్తకాలకు వేసే 954.84 అంకె ఉన్న అరలో, నా బల్లకు పదిహేను అడుగుల దూరంలో. "వేరే వాళ్ల దగ్గరుందమ్మా, రాగానే చెప్తాను" అని చెప్పి పంపేశాను. అరలో చూద్దామన్న ఆలోచనే రాలేదు.

మర్నాడే ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోప్పడలేదు. "ఇప్పుడెక్కడుందండీ?" అంది. పక్క శాఖకు ఫోన్ చేస్తే నిన్ననే తిరిగొచ్చిందన్నారు. నిజానికి ఆమె ముందు ఇప్పుడు ఎవరూ లేరు. మర్నాడు శుక్రవారం, సహోద్యోగి ఇల్లు ఆ ఊళ్లోనే, ముందుగా చెబితే తాళం తీసి ఉంచారు. బస్సెక్కి వెళ్లి తెచ్చాను. గంట ప్రయాణం.

వెతుకుతూ ఉంటే మరో సంగతి బయటపడింది. ఇదే పుస్తకం ఇంకో ప్రతి వేరొక శాఖలో ఉంది. అక్కడ దాన్ని చరిత్ర అంకె కింద కాకుండా పోటీ పరీక్షల బీరువాలో పెట్టారు. మేమంతా కేంద్రంలోని ఫలానా యాక్సెషన్ నంబరు ప్రతి కోసమే ఉత్తరాలు రాస్తూ వచ్చాం. పాఠకుడికి కావలసింది పుస్తకం. అది ఆ నంబరున్న ప్రతే కానక్కర్లేదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, నా లెక్కలో మొత్తం కేసులో అతి పెద్ద పాఠం ఇదే.

ఏం మార్చాం

మొదట మార్చింది రిజిస్టరు. పాఠకుడికో గీత కాకుండా పుస్తకానికో పేజీ. పేజీ పైన పుస్తకం పేరు, రచయిత. దాని కింద జిల్లాలో ఎక్కడెక్కడ ఎన్ని ప్రతులున్నాయో. కింద పేర్ల వరస, పక్కన ఏ శాఖలో తీసుకుంటారో. చుట్టుపక్కల మూడు శాఖల వాళ్లం మాట్లాడుకుని ఒక్కో పుస్తకానికి ఒకే వరస పెట్టుకున్నాం. ఎవరి దగ్గర కొత్త పేరు వచ్చినా ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెడతారు, మిగతా ఇద్దరూ తమ పేజీలో రాసుకుంటారు. "నా ముందు ఎంతమంది?" అని ఎవరు అడిగినా పేజీ తిప్పి వాళ్లకే చూపించవచ్చు. పేరు బదులు సభ్యత్వ సంఖ్య రాస్తాం. ఎవరు ఏం చదువుతున్నారన్నది ఊరందరికీ తెలియాల్సిన సంగతి కాదు. మధుమేహం గురించో, విడాకుల చట్టం గురించో పుస్తకం అడిగినవాళ్ల పేరు చీటీ మీద రాసి, పుస్తకానికి కట్టి అరలో నిలబెట్టకూడదు. చిన్న ఊళ్లో పనిచేసేవాళ్లు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలని కోరుతున్నాను.

రెండోది ఎర్ర చీటీ. కార్డు కంటే వేలెడు పొడుగ్గా కత్తిరించాం, ట్రేలో నిలబడితే తల బయటికి కనిపిస్తుంది. పుస్తకం తిరిగొచ్చినప్పుడు నేను లేకపోయినా రికార్డు అసిస్టెంటుకు తెలుస్తుంది. దీంతో పాటు ఇంకో అలవాటు: పేరు రాసుకునే ముందు లేచి వెళ్లి అర చూడటం. ప్రతిసారీ.

కంప్యూటరు ఉన్న గ్రంథాలయాల్లో ఈ రెండు పనులూ సాఫ్ట్‌వేరే చేస్తుంది. కోహా అనేది న్యూజిలాండ్‌లో హోరోవెనువా గ్రంథాలయాల కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో పాఠకుడు ఫలానా ప్రతి కావాలని అడగవచ్చు, లేదా ఏ ప్రతి ముందు దొరికితే అది చాలనవచ్చు. ఏ శాఖలో తీసుకుంటాడో ఎంచుకోవచ్చు. తిరిగొచ్చిన పుస్తకం బార్‌కోడ్ కొట్టగానే ఇది ఫలానా వాళ్లకు ఆపాలని తెర మీద చూపిస్తుంది. మా ఎర్ర చీటీ చేసేది సరిగ్గా ఆ పనే. కానీ అరలో ఆగిపోయిన ఆ 23 రోజులను ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తగ్గించదు. పాఠకుడి కోసం పుస్తకాన్ని ఎన్ని రోజులు ఆపాలో అంకె మనమే పెట్టాలి. కోహాలో మొదట ఉండేది 7. మా ఊరికి అది ఎక్కువనిపించింది.

అందుకే మూడో మార్పు. కార్డు ముక్క రాయడం మానేశాం, ఫోన్ చేస్తాం. ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేస్తాం. మూడు పనిదినాలు ఆపుతాం. రాలేకపోతే పేరు కొట్టెయ్యం, ఒక మెట్టు కిందికి జరుపుతాం. ఈ చివరి మాట పెట్టడానికి కారణం మా పాఠకుల్లో ఒక పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు. కళ్లకు ఆపరేషనై మంచాన ఉండగా ఫోన్ చేశాను. "వదులుకోలేనమ్మా, పది రోజులాగితే వస్తాను" అన్నారు. "ఆయ్ మాస్టారూ, మీ తర్వాతి వాళ్లకిస్తాను, ఆ వెంటనే మీకే" అన్నాను. పాత నియమంలో అయితే ఆయన మళ్లీ చివర చేరాల్సి వచ్చేది.

నాలుగోది నాకు బాగా ఇష్టమైంది. మూడు రోజులు అరలో ఆగే పుస్తకాన్ని ఆ మూడు రోజులూ ఎందుకు మూసి ఉంచాలి? వరసలో ఉన్నవాళ్లెవరైనా హాల్లో కూర్చుని చదువుకోవచ్చు, బయటికి మాత్రం తీసుకెళ్లకూడదు. ఆ అమ్మాయి తర్వాత ఇంకో రెండు పుస్తకాలను ఇలాగే చదివింది. అర పక్కన బల్ల వేయించాను. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. తనకు కావలసిన అధ్యాయాలు నోట్సు రాసుకుంది. సొంత చదువు కోసం కొద్ది పేజీలు జిరాక్స్ తీసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అలా పది పేజీలు కూడా తీసుకుంది. వాటిలో ఒకదానికి ఆమె వంతు వచ్చేసరికి "నాకిక అక్కర్లేదండీ, తర్వాత వాళ్లకిచ్చెయ్యండి" అంది. ఆ పుస్తకానికి పదిహేను రోజులు మిగిలాయి.

ఐదోది సంచి. మూడు శాఖలకూ కేంద్రానికీ మధ్య రెండు వారాలకొకసారి, బుధవారం, గుడ్డ సంచి ఒకటి తిరుగుతుంది. లోపల పుస్తకాలు, రెండు ప్రతుల జాబితా; ఒకటి సంతకం చేసి వెనక్కి. జీతాల పని మీదో, పత్రికల కోసమో కేంద్రానికి ఎలాగూ ఎవరో ఒకరు వెళ్తారు, వాళ్లు పట్టుకెళ్తారు. ఈ సంచి మోసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది 1935 నాటి బోటు గ్రంథాలయం. పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే వెళ్లింది. తెలుగు నేల మీద ఈ పని కొత్తదేమీ కాదు.

కుదరనివి

వరస పెద్దదైన పుస్తకాలకు గడువు పదిహేను నుంచి ఎనిమిది రోజులకు తగ్గించి చూశాం. పోటీ పరీక్షల పుస్తకాలకు బాగానే నడిచింది, వాళ్లకు కావలసిన భాగాలు వాళ్లకు తెలుసు. కానీ ఒక పెద్ద నవలకు కూడా ఇదే నియమం పెట్టేశాను. ఇంటి పని అయ్యాక రాత్రి గంట చదువుకునే ఒకావిడ ఎనిమిదో రోజున సగంలో తెచ్చిచ్చింది. "మిగతాది మళ్లీ వరసలో నిలబడి చదువుతానండీ" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం కాపాడమంటుంది. నేను వరసలో ఉన్నవాళ్ల సమయం కాపాడబోయి, పుస్తకం చేతిలో ఉన్న మనిషి సమయం తీసేసుకున్నాను. నవలలకు మళ్లీ పదిహేను రోజులే చేశాం. వేరే వాళ్లు ఎదురు చూస్తున్న పుస్తకానికి రెన్యువల్ మాత్రం ఇవ్వం, దీనికి మినహాయింపు లేదు.

వరస దాటించడం గురించి కూడా చెప్పాలి. పరీక్ష దగ్గర పడింది, ముందు నాకివ్వండి అని అడిగేవాళ్లు ఉంటారు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు ఫోన్ చేయిస్తారు. నేను దాటించను. కానీ ముందున్న వాళ్లకు ఫోన్ చేసి విషయం చెబుతాను. ఇవ్వదలిస్తే వాళ్లే ఇస్తారు. చాలామంది ఇస్తారు. నిర్ణయం మాత్రం వరసలో ముందున్నవాళ్లదే, నాది కాదు.

మార్పులు వచ్చాక ఇంకో పుస్తకాన్ని ఇలాగే 120 రోజులు వెంబడించాను. ఈసారి తిరిగొచ్చిన తేదీ కూడా పేజీలోనే రాస్తున్నాం కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. నలుగురి బదులు ఆరుగురు చదివారు. పాఠకుల చేతుల్లో 88 రోజులు, అరలో 12, బీరువాలో మరుగున పడ్డది సున్నా. దారిలో మాత్రం 20. అంటే ముందుకంటే 3 రోజులు ఎక్కువే. సంచి రెండు వారాలకొకసారి కాబట్టి బుధవారం తప్పిన పుస్తకం తర్వాతి దానికోసం ఆగుతుంది. వారానికొకటి కావాలని రాశాం. ఆర్టీసీ కార్గోలో పంపితే ఖర్చు ఎంతవుతుందో కూడా లెక్క వేసి పంపాం. ఇంకా ఏమీ తేలలేదు.

రిజిస్టరులో ఇప్పుడు ఐదుగురికి పైగా పేర్లున్న పేజీలను నెలకోసారి ఎత్తి రాసి కొనుగోలు జాబితాతో పాటు కేంద్రానికి పంపుతున్నాను. జిల్లాలో ఎక్కడా ప్రతి లేని పుస్తకాల పేజీలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ప్రతుల సంఖ్య రాసే చోట ఖాళీ, కింద పేర్లు మాత్రం ఉంటాయి. "దొరకదు" అని రాసి మూసెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. మూసెయ్యలేదు. ఆ పేజీలన్నిటినీ కలిపి రిజిస్టరు ముందు భాగానికి తెచ్చి కుట్టాను, తెరవగానే అవే కనపడతాయి.